మీ ఇంటి గొంతు

మా తోడికోడలి గొంతు మీరు వినే ఉంటారు. మనిషెవరో మీకు తెలియదు, అంతే. పెద్దాస్పత్రిలో లిఫ్టు ఎక్కితే "రెండవ అంతస్తు, తలుపులు తెరుచుకుంటున్నాయి" అనేది ఆమే. బ్యాంకుకి ఫోన్ చేస్తే ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని మన ప్రాణం తీసేదీ ఆమే. ఒకసారి నా పాసుబుక్కు పోయిందని ఫోన్ చేసి, ఆవిడగారు చెప్పిన అంకెలన్నీ పావుగంట సేపు నొక్కి, విసుగెత్తిపోయి, "ఇంట్లో ఎలాగూ నా మాట వినవు, ఫోన్లోనైనా విని చావవే!" అని అరిచాను. వంటింట్లో కూరగాయలు తరుగుతున్న మనిషి "ఏంటక్కా, పిలిచావా?" అంటూ కత్తిపీట వదిలేసి పరిగెత్తుకొచ్చింది. అత్తయ్య ఆ రోజంతా తలుచుకుని తలుచుకుని నవ్వింది.

మా మరిది పెళ్ళాన్ని లిఫ్టమ్మ అని పిలిచేవాడు. బాగున్న రోజుల్లో ముద్దుగా, బాగాలేని రోజుల్లో వెటకారంగా. పేరు అదే, పలికే తీరులోనే తేడా.

నేను దర్జీపని చేస్తాను. మాది టైర్ల కొట్టు మీది వాటా. ముందుగదిలో నా కుట్టుమిషను, మధ్యగదిలో అత్తయ్య మంచం, గోడలోకి కట్టిన పెద్ద బట్టల బీరువా, ఆ గోడకి అవతల వంటిల్లు. డాబా మీద ఒక్క గది ఉంటే అది మరిదికీ లిఫ్టమ్మకీ. మా ఆయన లారీ ఎక్కితే నెలకోసారి కనబడతాడు కాబట్టి ఈ కథలో ఆయనకి పనిలేదు.

ఇరవై ఏళ్ళు ఆమె ఒకే స్టూడియోలో పనిచేసింది. సీరియళ్ళలో రెండో అమ్మ, బొమ్మల కార్టూన్లలో కుందేలు, గుంపు సీన్లలో "అయ్యో, ఎవరైనా కాపాడండి!" అని అరిచే ఆడవాళ్ళందరూ ఆమే. పొద్దున ముసలమ్మగా దగ్గి, మధ్యాహ్నం ఆరేళ్ళ పిల్లగా గునిసి, సాయంత్రం ఇంటికొచ్చి గుడ్లప్పగించి కూర్చునేది. తెరమీద ఎక్కడా ఆమె పేరు పడలేదు. దాని గురించి ఆమె ఒక్కనాడూ బాధపడగా నేను చూడలేదు. "నా పేరు చూస్తే కుందేలు మాట్లాడుతోందని ఎవరు నమ్ముతారక్కా?" అనేది.

తర్వాత స్టూడియో చేతులు మారింది. పాతవాళ్ళందరినీ కూర్చోబెట్టి కొత్త మేనేజరు ఒక్కటే మాట చెప్పాడట. "అమ్మా, మీకు గొంతుంది, పేరు లేదు. ఇకమీద జీతాల్లేవు, ఎవరి పని వాళ్ళు వెతుక్కోవడమే. ముందు బ్రాండు కట్టుకోండి." ఆ మాట పట్టుకుని ఇంటికొచ్చింది. బ్రాండంటే టీపొడి పొట్లం మీద ఉండేదని నాకు తెలుసు. మనిషికి ఎలా కడతారో తెలియక నేనూ అత్తయ్యా ముఖముఖాలు చూసుకున్నాం.

మరిది అప్పుడే ఒక కళ్ళాస్పత్రిలో రిసెప్షన్ ఉద్యోగం మాట్లాడి పెట్టాడు. వద్దంది. నేను విన్న పెద్ద పోట్లాట వాళ్ళిద్దరి మధ్య అదొక్కటే. చివరికి ఒప్పందం చేసుకున్నారు. ఏడాది గడువు. ఆలోగా నెలనెలా పనిచ్చే చోటు ఒక్కటి దొరికితే సరే, లేకపోతే నోరు మూసుకుని కళ్ళాస్పత్రికి వెళ్ళాలి. గడువు తేదీ క్యాలెండర్ మీద మరిదే రాశాడు. ఆమె దాని కింద ఒక నవ్వు ముఖం గీసింది.

ఆన్‌లైన్లో ఏదో క్లాసులో చేరింది. దాన్ని నడిపే మహానుభావుడికి నేను బ్రాండు సారు అని పేరు పెట్టాను. ఆయన ముఖం నేనెప్పుడూ చూడలేదు కానీ ఆయన మాటలు మా ఇంట్లో గోడగోడకీ అంటుకున్నాయి. రోజుకొక వీడియో పెట్టాలి, తప్పకూడదు. ముఖం చూపించాలి, నవ్వాలి. ప్రతి ఫోటోలో ఒకే రంగు ఉండాలి. తన గురించి తాను ఒక్క ముక్కలో చెప్పుకోవాలి. రంగు కోసం పసుపు రంగు కోటు నాచేతే కుట్టించుకుంది. ముక్క కోసం వారం రోజులు తల పట్టుకుని, చివరికి "మీ ఇంటి గొంతు" అని పెట్టుకుంది.

మీ ఇంటి గొంతట! ఇంట్లో ఉన్నవాళ్ళ గొంతులన్నీ నొక్కేసి!

ఎందుకంటే ఆమె రికార్డింగు చేసేది మా బట్టల బీరువాలో. బట్టలు వేలాడితే గది మోగదట. నేను కుట్టాల్సిన కోట్లూ గౌన్లూ రెండు పక్కలకీ నెట్టి, మధ్యలో పీట వేసుకుని, తలమీద దుప్పటి కప్పుకుని కూర్చునేది. గాలి దెబ్బ మైకుకి తగలకుండా నా ఎంబ్రాయిడరీ చట్రానికి పాత మేజోడు బిగించి నేనే ఇచ్చాను, అది మాత్రం బాగా కుదిరింది. ఇక ఆమె లోపలికి వెళ్తే చాలు, ఫ్యాన్లు బంద్. కుట్టుమిషను బంద్. కుళాయి తిప్పకూడదు. అత్తయ్యకి దగ్గొస్తే లేచి వెళ్ళి వసారాలో దగ్గి రావాలి. ఫ్రిజ్ కూడా బంద్, ఎందుకంటే అది బీరువా గోడకి సరిగ్గా అవతల ఉంది, దాని గుర్రు మైకులోకి వచ్చేస్తుంది.

"డెబ్బై నాలుగేళ్ళొచ్చాక దగ్గడానికి పర్మిషను అడగాల్సి వచ్చిందే పెద్దదానా," అని అత్తయ్య నాతో గుసగుసలాడేది. ఆ గుసగుస కూడా లోపలికి వినిపించేది. "అత్తయ్యా, మళ్ళీ తీయాల్సొచ్చింది," అని బీరువాలోంచి నీరసంగా ఒక మాట వచ్చేది.

ఫ్రిజ్ ఆపినవాళ్ళు మళ్ళీ వేయడం మర్చిపోతారని దానికో చిట్కా ఉందట. అదీ బ్రాండు సారు చెప్పిందే. ఏది లేకపోతే మనకి పని జరగదో ఆ వస్తువు ఫ్రిజ్‌లో పెట్టాలి. దాని కోసం ఎలాగూ తలుపు తెరుస్తాం కదా, గుర్తొస్తుంది. మొదట్లో నన్నే అడిగింది.

"అక్కా, నీ పెద్ద కత్తెర పెడదామా? అది లేకుండా నువ్వు పూట గడపలేవు కదా."

"నా కత్తెర జోలికొచ్చావంటే నీ జడ కత్తిరిస్తాను," అన్నాను.

అందుకని డాబా గది తాళంచెవి పెట్టుకునేది. తీసేటప్పుడు చల్లగా ఉండేది, బుగ్గకి ఆనించుకునేది పాపం.

ఏడాదిలో నేను చూసింది చెబుతాను. మొదటి నెల ఉత్సాహంగా తెల్లవారుజామునే లేచి పెదాలు గుర్రం లాగా బుర్రుమనిపిస్తూ గొంతు సవరించుకునేది. మాట తడబడకుండా ఆపిల్ ముక్క నమిలేది. పసుపు కోటు వేసుకుని ఫోన్ ముందు నిలబడి "నమస్తే, నేను మీ ఇంటి గొంతు" అని నవ్వేది. మూడో నెలకి ఆ నవ్వు ఒకేలా రావడం మొదలుపెట్టింది. కోటు ఎక్కగానే నవ్వు ఎక్కేది, కోటు దిగగానే దిగేది. ఆరో నెలకి నాకు భయమేసింది. అన్నం తింటూ తింటూ చెయ్యాపి ఫోన్ చూసుకునేది. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు "ఆంటీ గొంతు ముసలిగా ఉంది" అని రాస్తే, ఆ మాట నాకు చదివి వినిపించి, "నిజమేనా అక్కా?" అని అడిగింది. ఇరవై ఏళ్ళు ముసలమ్మలకి గొంతిచ్చిన మనిషికి అది తిట్టెలా అయ్యిందో నాకు అర్థం కాలేదు. వాడి నోట్లో మట్టి పడ అని తిట్టాను. అంతకంటే ఏం చేయగలను?

పని రాలేదని కాదు. వచ్చేది. అపార్టుమెంటు గేటుకి ఒక ముక్క, మందుల కొట్టుకి ఒక ముక్క. మిగతావాళ్ళందరూ శాంపిల్ పంపండి, శాంపిల్ పంపండి అనేవాళ్ళు. పంపేది. జవాబు ఉండేది కాదు. శాంపిళ్ళు పంపీ పంపీ ఆమె మామూలుగా మాట్లాడే మాటలు కూడా శాంపిల్ లాగా అయిపోయాయి. "అక్కా, టీ తాగుతావా?" అని అడిగితే ఆ మాట చివర కూడా ఒక చిరునవ్వు తగిలించేది. ఒకరోజు అత్తయ్య ఉండబట్టలేక, "చిన్నదానా, ఇంట్లోనైనా మామూలుగా మాట్లాడవే, నాకు ఎవరో సరుకు అమ్మడానికొచ్చినట్టుంది," అంది. ఆమె నవ్వలేదు, కోప్పడలేదు. అలాగే అత్తయ్యా అని వెళ్ళి గిన్నెలు కడుక్కుంది.

గడువుకి పది రోజులుందనగా మంచి కబురొచ్చింది. పుస్తకాలు చదివి వినిపించే కంపెనీ ఒకటి ఆమెను చివరి ముగ్గురిలో ఎంచింది. ఒక అధ్యాయం మొత్తం చదివి, శుభ్రం చేసి, ఫలానా రోజు మధ్యాహ్నం పన్నెండింటికల్లా పంపాలి. నచ్చితే రెండేళ్ళ పని, నెలనెలా. మరిది కూడా ఆ రాత్రి భోజనాల దగ్గర "వస్తుందిలే" అన్నాడు. క్యాలెండర్ మీద నవ్వు ముఖం పక్కన ఆమె ఇంకో నవ్వు ముఖం గీసింది.

పంపాల్సిన రోజుకి ముందు రోజు పొద్దున తొమ్మిదికి బీరువాలోకి వెళ్ళింది. ఎండలు ముదిరి ఉన్నాయి. నాకేమో ఆ సాయంత్రం ఒక బడికి అరవై జతల యూనిఫారాలు ఇచ్చెయ్యాలి. గుండీలు, కాజాలు, అంచులు అన్నీ అలాగే ఉన్నాయి. "ఇవాళొక్కరోజు డాబా మీద చేసుకోవే," అన్నాను.

"అక్కడ బయటి బళ్ళ మోత అక్కా. రెండు గంటలు. ఒక్క రెండు గంటలు."

"నీ రెండు గంటలు నాకు ముప్పై గుండీలు."

"ఈ ఒక్కసారికి అక్కా, నీకు దండం పెడతాను."

దండం పెట్టింది కూడా. అదే నాకు ఒళ్ళు మండించింది. పోట్లాడితే పోట్లాడొచ్చు, దండం పెట్టిన మనిషితో ఏం పోట్లాడతాం? మిషను ఆపేసి, చెమటలు కక్కుతూ, సూది పట్టుకుని చేత్తో గుండీలు కుట్టాను. లోపలినుంచి ఆమె గొంతు సన్నగా వినబడుతోంది. ఎవరో ఒకామె ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్న ఘట్టం. బాగా చదివిందని ఒప్పుకుంటాను. కానీ ఆ పూట బాగున్నా నాకు బాగాలేదు.

పదకొండు దాటాక తలుపు తెరుచుకుంది. ఎవరో ఫోన్ చేస్తే మాట్లాడుతూ, బీరువా తలుపు కూడా వెయ్యకుండా, చెమట ముఖం తుడుచుకుంటూ డాబా మీదికి వెళ్ళిపోయింది. నేను మిషను ఎక్కాను.

పన్నెండు గంటలప్పుడు దాహం వేసి వంటింట్లోకి వెళ్ళి ఫ్రిజ్ తెరిచాను. లోపల లైటు వెలగలేదు. పై అరలో అత్తయ్య కోసం తీసిపెట్టిన మాంసం కూర డబ్బా, దాని పక్కన డాబా గది తాళంచెవి. చూశాను. నాకేమీ కళ్ళు పోలేదు. పక్కనే స్విచ్చు, చెయ్యి చాపితే అందుతుంది. చాపలేదు. వెచ్చబడ్డ నీళ్ళు తాగి, "ఆపిన మహారాణే వేసుకుంటుందిలే, నేనేమన్నా ఆవిడ జీతగత్తెనా?" అని గొణుక్కుని తలుపు ధడాలున వేసి వచ్చేశాను.

ఆ తర్వాత నాకా సంగతే గుర్తు లేదు. ఆమెకి కూడా ఆ రోజు బయటికి వెళ్ళాల్సిన పని పడలేదు, గదికి తాళం వేసే అవసరమూ రాలేదు. సాయంత్రం ఆరింటికి ఫ్రిజ్ గుర్రుమని మొదలైన చప్పుడు విన్నాను. తర్వాత సింకులో ఏదో ఒంపిన చప్పుడు. పాలు విరిగాయని పారబోసిందని తర్వాత తెలిసింది. నాకు చెప్పలేదు, నేను తిడతానని. నేనూ అడగలేదు, అరవై జతలు మడతపెట్టే పనిలో ఉండి. ఎనిమిదింటికి అత్తయ్యకి కూర వేడిచేసి పెట్టాను. చల్లబడిన డబ్బా, కారం మసాలా దట్టించిన కూర, తేడా ఏం తెలుస్తుంది? నా చేత్తోనే వండాను, నా చేత్తోనే పెట్టాను. "బాగుందే పెద్దదానా," అని ఆవిడ గిన్నె ఊడ్చుకుని మరీ తింది.

తెల్లారేసరికి మనిషి మనిషిలా లేదు. వాంతులు, విరేచనాలు, కళ్ళు లోపలికి పోయాయి, పిలిస్తే పలుకు లేదు. మరిది భుజాన వేసుకుని మెట్లు దిగాడు. నేనూ లిఫ్టమ్మా వెనక పరిగెత్తాం. పెద్దాస్పత్రిలో స్ట్రెచరుతో పాటు లిఫ్టులోకి ఎక్కాం. వార్డుబాయ్‌తో కలిపి నలుగురం నిలబడితే పైనుంచి ఆమె గొంతు, కులాసాగా, తీయగా, "రెండవ అంతస్తు. తలుపులు తెరుచుకుంటున్నాయి. మీరు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాం" అంది. ఆమె నేల చూపులు చూస్తూ నిలబడింది. వార్డుబాయ్‌కి ఆ గొంతు ఎవరిదో తెలియదు కదా, వాడు స్ట్రెచరు లాక్కుంటూ పోయాడు.

సెలైన్ పెట్టాక డాక్టరమ్మ వచ్చి రాత్రి ఏం తిన్నారని అడిగింది. నేను నోరు తెరిచేలోపే లిఫ్టమ్మ చెప్పేసింది.

"నిన్న పొద్దున రికార్డింగ్ కోసం ఫ్రిజ్ ఆపానండీ. సాయంత్రం దాకా వేయడం మర్చిపోయాను. తప్పు నాదే."

నేనూ చూశాను, నేను వేసి ఉండొచ్చు అనే నాలుగు ముక్కలు నాలుక చివరిదాకా వచ్చాయి. డాక్టరమ్మ వెళ్ళేదాకా ఆగుదామనుకున్నాను. ఆవిడ వెళ్ళగానే మరిది అందుకున్నాడు. నేను పెంచిన పిల్లాడి లాంటివాడు, అంత గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు.

"నీ బ్రాండు కోసం మా అమ్మని చంపేస్తావా? ఏడాది నుంచి ఆవిడ దగ్గు కూడా ఆపుకుంది నీ కోసం!"

ఆ ముఖం చూశాక చెప్పే ధైర్యం చచ్చింది. తర్వాత చెబుదాం, అత్తయ్య కోలుకున్నాక చెబుదాం అనుకున్నాను. పిరికిదాన్ని. కుట్టుమిషను దగ్గర పులిని, అక్కడ పిల్లిని.

వార్డు బయట బల్లమీద కూర్చున్నాం. ఒంట్లో ఓపికున్నట్టు ఆమె సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, చెవులకి తగిలించుకుని, రికార్డింగు శుభ్రం చేయడం మొదలుపెట్టింది. మనిషికి ప్రాణం మీదికొస్తే దీనికిదేం బుద్ధి అని మనసులో తిట్టుకున్నాను. పన్నెండింటికి పంపాలని గుర్తుంది నాకు, అయినా తిట్టుకున్నాను. గంటన్నర సేపు తల ఎత్తలేదు. ఒకచోట చెయ్యి ఆగింది. వెనక్కి జరిపి మళ్ళీ విన్నది. చెవులకున్నవి తీసేసి నావైపు చూసింది, చాలాసేపు చూసింది. "కాఫీ తెస్తాను," అని నేను లేచి వెళ్ళిపోయాను. తిరిగొచ్చేసరికి ల్యాప్‌టాప్ మూసి సంచిలో పెట్టేసింది. పంపావా అని అడగలేదు, అడిగే ముఖం నాకు లేదు.

మూడో రోజుకి అత్తయ్య లేచి కూర్చుని ఆస్పత్రి అన్నాన్ని తిట్టింది. తిట్టిందంటే గండం గడిచిందని మాకు తెలిసిపోయింది.

శాంపిల్ వెళ్ళలేదని ఇంటికొచ్చాక చెప్పింది. గడువు రోజు ఎవరూ ఆ మాట ఎత్తకుండానే కళ్ళాస్పత్రికి వెళ్ళి చేరింది. బీరువాలోంచి పీట తీసింది, మేజోడు చట్రం నాకు తిరిగిచ్చింది, ఆన్‌లైన్లో వీడియోలు పెట్టే పేజీ మూసేసింది. పసుపు కోటు తెచ్చి నా మిషను మీద పెట్టి, "విప్పి దీన్ని దేనికైనా వాడుకో అక్కా," అంది. అందరూ అనుకున్నదేమిటంటే, చేసిన తప్పుకి భయపడి మానేసింది. మరిదికి జాలి వేసింది, మళ్ళీ ముద్దుగా లిఫ్టమ్మా అనడం మొదలుపెట్టాడు. అత్తయ్య మాత్రం నన్ను తినేసేది. "నేను పోలేదుగా, బతికే ఉన్నానుగా, అదెందుకు మానేసింది? వెళ్ళి చెప్పవే పెద్దదానా, నేనేమీ అనుకోలేదని చెప్పు." అలవాటు పోక ఇప్పటికీ దగ్గొస్తే వసారాలోకి వెళ్ళి దగ్గి వస్తుంది.

ఆర్నెల్లు అత్తయ్య అడిగిన ఆ మాట నన్ను లోపల్లోపల కొరుక్కు తింది. మిషను ఎంత గట్టిగా తొక్కినా వినబడేది. ఒకరి జీవనాధారం పోయింది నా పంతం వల్ల, నేను ఒక్క చెయ్యి చాపకపోవడం వల్ల. అన్నం పెడుతుంటే ఆమె ముఖం చూడలేకపోయేదాన్ని.

మొన్న సెలవురోజు మధ్యాహ్నం, మరిది బయటికెళ్ళాడు, అత్తయ్య వసారాలో పక్కింటావిడతో కబుర్లలో ఉంది. నేను పెద్ద కత్తెర పెట్టి పసుపు కోటు కుట్లు విప్పుతున్నాను, ఆమె ఎదురుగా నేలమీద కూర్చుని దారాలు ఏరుతోంది. ఇక నావల్ల కాలేదు.

"ఆ రోజు ఫ్రిజ్ ఆపి ఉందని పన్నెండింటికే చూశానే నేను," అన్నాను. తల ఎత్తలేదు. "చూసి కూడా వెయ్యలేదు. కోపంతో."

"తెలుసక్కా."

చేతిలో కత్తెర ఆగిపోయింది.

"రికార్డింగు ఆపకుండా ఫోన్ పట్టుకుని పైకెళ్ళిపోయాను కదా ఆ రోజు, నువ్వు మిషను కుట్టిన చప్పుడు, ఫ్రిజ్ తలుపు, నీళ్ళు తాగిన గుటకలు, అన్నీ పడ్డాయి. నేనేమన్నా ఆవిడ జీతగత్తెనా అన్నావు." కొంచెం నవ్వింది. "చాలా బాగా వచ్చిందక్కా. ఒక్క టేకులో ఓకే."

"ఆస్పత్రిలో విన్నావా?"

"అక్కడే."

"మరి ఎందుకే నోరు మూసుకున్నావు? మీ ఆయన నిన్ను అంతలేసి మాటలంటుంటే, అక్క కూడా చూసిందని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయింది?"

ఆమె దారం ముక్కని వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. తర్వాత మామూలుగా చెప్పింది, చివర నవ్వు తగిలించకుండా.

"ఆ శాంపిల్ పదకొండున్నరకే అయిపోయిందక్కా. మధ్యలో ఊపిరి చప్పుళ్ళు తీసేశాను, నీ మాటలు తీసేశాను. నేను చదివిన వాటిల్లో అదే బాగా వచ్చింది. ఒక్క బటన్ నొక్కితే వెళ్ళిపోయేది. నొక్కలేదు."

"ఎందుకు?"

"తీసుకుంటారేమోనని భయమేసింది." దారం తెగిపోయింది, ఇంకోటి తీసుకుంది. "తీసుకుంటే ఇంకో రెండేళ్ళు ఆ పుస్తకాల వీడియోల కోసం రోజూ ఈ కోటు వేసుకుని నవ్వాలి కదా. ఇరవై ఏళ్ళు మాట్లాడి అలిసిపోలేదు నేను. ఒక్క ఏడాది నవ్వి అలిసిపోయాను. ఊరికే మానేస్తానంటే ఎవరొప్పుకుంటారు చెప్పు? నువ్వే తిట్టేదానివి, ఏడాదంతా మా నోళ్ళు మూయించి ఇప్పుడు మానేస్తావా అని. తప్పు చేసి మానేస్తే మాత్రం ఎవరూ ఎందుకని అడగరు. అందుకని ఆ తప్పు నాకే ఉంచుకున్నాను."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మరి నేను? ఆర్నెల్లుగా కుళ్ళి చస్తున్నాను కదే! నాకైనా చెప్పొచ్చు కదా?"

"నువ్వు చెబుతావేమోనని చూశాను," అంది.

అందులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆమె ఏరిన దారాలన్నీ ఉండచుట్టి డబ్బాలో వేసింది. "ఎవరికీ చెప్పకు అక్కా, ఇలాగే బాగుంది. కాసేపు పడుకుంటాను, పొద్దున్నుంచీ తల దిమ్ముగా ఉంది," అని అత్తయ్య మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. రెండు నిమిషాల్లో గురక. ఇంత గొంతున్న మనిషి గురక పెడుతుందని ఇన్నేళ్ళలో నాకు తెలియదు.

నేను మిషను దగ్గరికి వెళ్ళాను. రేపివ్వాల్సిన గౌన్లు రెండున్నాయి. పాదం మెట్టుమీద పెట్టి మళ్ళీ తీసేశాను. వంటింట్లో ఫ్రిజ్ గుర్రుగుర్రుమంటోంది, ఆ గోడకి ఆనుకునే ఆమె తల ఉంది. లేచి వెళ్ళి స్విచ్చు ఆపాను. అత్తయ్య వసారాలోంచి లోపలికి రాబోతుంటే నోటిమీద వేలు పెట్టి చూపించాను. ఆవిడ ఏమీ అడక్కుండా వెనక్కి తిరిగింది, దగ్గొచ్చింది కాబోలు.

నా పెద్ద కత్తెర తెచ్చి ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన పెట్టి, చప్పుడు కాకుండా తలుపు వేశాను.